ఎలీషబా ఇంట్లో ఇద్దరు టీచర్లు

గిద్దలూరు రైలుగేటు అవతలి కాలనీలో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, తరన్నుమ్ చేతిలోని కరపత్రాలు చెమటకు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. తను యూకేజీకి చెప్పే ప్రైవేటు స్కూల్లో వేసవి సెలవులంటే సెలవులు కావు, ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని చేర్పించాలి. ఇంకొక్క పిల్లనైనా తేకపోతే జూన్ నుంచి రావద్దని కరస్పాండెంట్ నిన్ననే తేల్చి చెప్పేశాడు.

ఎలీషబా ఇంటి ముందు ఆగి లోపలికి తొంగి చూసింది. ప్లాస్టిక్ కుర్చీలో అరుణకుమారి టీచర్! తనకు అక్షరాలు దిద్దించిన గవర్నమెంటు బడి టీచర్. ఆవిడా పిల్లల్ని చేర్పించే పని మీదే వచ్చింది. ఎలీషబా కూతురు కేథరిన్ కూడా వెళ్లిపోతే ఆ బడిలో మూడో తరగతిని ఎత్తేసి వేరేచోట కలిపేస్తారు.

వెనక్కి తిరిగేలోపే ఎలీషబా చూసేసింది.

"దా పాపా, ఆడనే నిలబడినావేంది? టీచరమ్మేమో వాళ్ల బడి మంచిదంటాది, నువ్వు మీది మంచిదంటావు. మిరప కోతలకు పోయేదాన్ని, నాకేం తెలుస్తాది? మీరే తేల్చండి."

"ఈ పిల్ల నా దగ్గరే చదివింది ఎలీషబా. మా బడి ఎట్లాంటిదో దీన్నే అడుగు," అంది అరుణకుమారి ధీమాగా.

"టీచర్ చాలా బాగా చెప్తారక్కా," అంది తరన్నుమ్. అనక ఏం చేస్తుంది?

ఎలీషబా ముఖం వెలిగిపోయింది. "అట్ల చెప్పు మరి! మీరు తయారుచేసిన పిల్లే ఆడ చెప్తాంటే ఇంకేంది టీచరమ్మా! మా కేథరిన్‌ను ఈ పాపకాడికే పంపిస్తా. ఏం పాపా, నీ క్లాసులోనే కదా కూర్చునేది?"

యూకేజీకే చెబుతున్నానని మొన్న బజారులో టీచర్‌తో గొప్పగా చెప్పుకుంది తరన్నుమే. కాదంటే ఉద్యోగం పోతుంది. అవునంటే ఆ అబద్ధం టీచర్ వింటుంది.

అరుణకుమారి చెప్పుల కోసమని వంగింది. వంగిన మనిషి ఎంతకీ తల ఎత్తలేదు.

"ఊ... అక్కా."

ఇద్దరూ బయటికి వచ్చేసరికి పక్కింటి అంకాలమ్మ అప్పటికే మనవరాలి చెయ్యి పట్టుకుని తన గడపలో నిలబడి ఉంది.

"నువ్వు ముందు పో తల్లీ, నేను ఆగుతాలే," అంది అరుణకుమారి, తరన్నుమ్ ముఖంలోకి చూడకుండా.

తరన్నుమ్ సందులో అటూ ఇటూ చూసింది. ముందు అంకాలమ్మ గడప, ఆ తర్వాత దారి మూసేసిన గోడ. వెనక్కి పోవాలంటే ఆ ఇరుకు సందులో టీచర్‌ను రాసుకుంటూనే పోవాలి.

"దా పాపా, దా! దీన్ని కూడా నీ క్లాసులోనే ఏసుకో," అని అంకాలమ్మ పిలుస్తూనే ఉంది.