పున్నయ్య మీసం

దీవిలోని బతు బస్తీ తెలుగువాళ్లంతా ఆదివారం హాల్లో చేరి కాగితం బొమ్మలు చేస్తారు. కత్తిరించిన కాగితాలను పొరలు పొరలుగా పెట్టెలో నిలబెట్టి వెనక బల్బు వెలిగిస్తే, సముద్రం లేచి వచ్చినట్టుంటుంది. నిరుడు గవరమ్మ నెల రోజులు కూర్చుని చేసిన ఓడ పెట్టె మీద మూరెడు మీసాల పున్నయ్య తన పేరు రాసుకుని, పోటీలో గెలిచి శాలువా కప్పించుకున్నాడు. అది నాదని ఆమె ఎంత చెప్పినా ఒక్కరూ నమ్మలేదు. ఆ రోజు నుంచి గవరమ్మకు చేపల పులుసు చప్పగానే ఉంది.

ఈ ఏడు ఆమె ఇంకో పెట్టె చేసింది. ముందు కొబ్బరిచెట్లు, తర్వాత అలలు. ఆఖరి బొమ్మను మాత్రం పల్చటి కాగితం చాటున దాచింది. బల్బు వెలిగితేనే కనబడుతుంది. పేరు రాయకుండా బల్ల మీద వదిలేసి టీకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పున్నయ్య పేరు ఉండనే ఉంది.

పోటీ రోజున పున్నయ్యే దర్జాగా స్విచ్ వేశాడు. అలల వెనక మూరెడు మీసాల మనిషి నీడ లేచింది. కునికిపాట్లు పడుతున్న ఆడమనిషి ఒళ్లోంచి పెట్టె లాక్కుని పరిగెడుతున్నాడు. అలాంటి మీసం బస్తీకంతా ఒక్కటే.

"బంద్ కరో! ఎవరు చేశార్రా ఇది?" అని అరిచాడు పున్నయ్య.

"అదేంటి భయ్యా, కింద నీ పేరే ఉంది కదా! నువ్వే చేశావు," అంది గవరమ్మ.

హాలు నవ్విన నవ్వుకి జెట్టీకి కట్టిన ఓడ తాళ్లు తెంపుకుందట. ఆ పూట గవరమ్మ పులుసులో ఉప్పు సరిగ్గా సరిపోయింది.