మిస్ లిమ్‌కి వేసిన గారెలు

"ఇంటికొచ్చిన మనిషిని ఒట్టి కాఫీతో పంపిస్తామా? నాలుగు గారెలు వెయ్యమ్మా," అంది అత్తయ్య. ఆ వచ్చే మనిషి మిస్ లిమ్ అనీ, నేను పనికొస్తానో లేదో చూడ్డానికే మా సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌కి వస్తోందనీ అత్తయ్యకి తెలుసు. తెలిసే చెప్పింది. మా ఆయన పార్థసారథి అయితే పొద్దున్నే సోఫా కవర్లు కూడా మార్పించాడు. "నీట్‌గా ఉండాలి అరూ, ఆవిడేమనుకుంటుంది?" అన్నాడు. మార్చింది నేనేనని వేరే చెప్పక్కర్లేదు.

పుంగ్గోల్‌లో పసిపిల్లల్ని చూసే క్రెష్‌లో టీచర్‌గా ఉండేదాన్ని. ఓ పాపని ఎత్తుకుని తడి నేల మీద జారాను. పాపకేం కాలేదు, నా వెన్నులో డిస్క్ దెబ్బతింది. ఆపరేషన్ అయ్యాక కూడా కాసేపు నిలబడితే చాలు, ఎడమ కాలు మొద్దుబారిపోతుంది. ఏ ఉద్యోగమూ చేయలేని వాళ్ళకి ఇన్సూరెన్స్ వాళ్ళు నెలనెలా భృతి ఇవ్వాలి. నా నొప్పి సంగతి డాక్టర్లు తేల్చేశారు. ఇలాంటి ఒంటితో బయట ఏ పని దొరుకుతుందో చెప్పడానికి ఇన్సూరెన్స్ వాళ్ళు పెట్టుకున్న ఉద్యోగాల నిపుణురాలు మిస్ లిమ్. ఫలానా పని చేయగలదని ఆవిడ అంటే ఇక నా భృతి లేనట్టే.

గారెలు వేశాను. గట్టుకి పొట్ట ఆనించి, వాయికీ వాయికీ మధ్య స్టవ్ తగ్గించి వంటింటి నేల మీద వెల్లకిలా పడుకుని. హాల్లో కూర్చున్న మిస్ లిమ్‌కి ఇదేమీ కనిపించలేదు. "ఇల్లంతా మా ఆవిడే చూసుకుంటుంది. నేను కిచెన్‌లో అడుగే పెట్టను," అని పార్థసారథి గొప్పగా చెబుతున్నాడు. ఇల్లు నడవడం లేదని పరాయి మనిషి ముందు ఒప్పుకోవడం అతనికి నామోషీ. ఆవిడ ఇష్టంగా తిని, చాలా బాగున్నాయంది. మర్నాడు నేను మంచం దిగలేకపోతే, "రోజంతా ఇంట్లోనేగా ఉంటావు, పనేముందని?" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ వింటున్న మాటే.

నా భృతి సంగతి తేల్చే విచారణ రోజున మిస్ లిమ్ నెమ్మదిగా, మర్యాదగా చెప్పింది. "ఇంటి పనంతా ఆమే చేస్తోంది సార్. వంట చక్కగా వచ్చు. క్యాంటీన్‌లో సహాయకురాలిగా చేయగలదు."

నాకు కోపం కంటే ముందు ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ళలో నేను ఇంట్లో చేసేదాన్ని పని అన్న మొదటి మనిషి ఆవిడే. అదీ నా భృతి పోగొట్టడానికి.

"నువ్వు ఊరుకో, నేను మాట్లాడతా," అన్నాడు పార్థసారథి నా చెవిలో. నేను ఊరుకోలేదు. గట్టుకి ఆనుకోవడం, నేల మీద పడుకోవడం, అన్నీ చెప్పాను. "ఆ తర్వాత ఏమైందో మా ఆయన్నే అడగండి," అన్నాను.

విచారణ చేస్తున్న పెద్దాయన అతని వైపు తిరిగాడు. "రెండ్రోజులు లేవలేదు సార్. మేం హాకర్ సెంటర్‌లో భోజనం కొని తెచ్చుకుని తిన్నాం," అన్నాడు పార్థసారథి, టేబుల్ వైపు చూస్తూ. ఆ మాట అనడానికి అతనికెంత సిగ్గేసిందో నాకు తెలుసు. జాలి కూడా వేసింది. అయినా నేను మాట అందుకుని అతన్ని కాపాడలేదు.

"ఇలా మధ్యమధ్యలో పడుకుంటూ చేసే మనిషికి సరిపోయే ఉద్యోగం ఉందా?" అని పెద్దాయన మిస్ లిమ్‌ని అడిగాడు.

ఆవిడ నావైపు చూసింది. అబద్ధాలాడే మనిషి కాదు. "లేదు సార్. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిజానికి ఇంట్లో ఆమె చేస్తున్న ఉద్యోగానికి కూడా ఆమె సరిపోదు. వంట, ఇల్లు ఊడ్చి తుడవడం, అత్తగారిని చూసుకోవడం, అన్నీ ఒక్కరే, సెలవు లేకుండా. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా దాన్ని నేను సిఫార్సు చెయ్యను."

భృతి ఇవ్వాలనే తేల్చారు. ట్రైన్‌లో ఇంటికొచ్చాం. తలుపు తీయగానే అత్తయ్య సంగతి విని సంతోషపడింది. "ఇంత మంచి వార్త, నోరు తీపి చేసుకోవద్దూ? కాస్త సగ్గుబియ్యం పాయసం పెట్టమ్మా," అంది.

నేను హాల్లో చాప పరుచుకుని నడుం వాల్చాను.

"ఆ ఉద్యోగానికి నేను సరిపోనట అత్తయ్యా. నిపుణురాలే చెప్పింది. మీ అబ్బాయి కూడా విన్నాడు."

కాసేపటికి వంటింట్లో డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు, ఆ వెనకే పార్థసారథి గొంతు. "అరూ, సగ్గుబియ్యం ఎక్కడుంది?"

నాకు తెలుసు. చెప్పలేదు.