చేమం

అంకమ్మ ఇంట్లోకి సెల్‌ఫోను వచ్చినప్పటి నుంచి ఆళ్ళగడ్డలో ఆ వీధి ఆడవాళ్ళకు అదే ఆట. జీవమ్మ మాత్రం అది మోగిందంటే ఏ చెడ్డ కబురోనని లేచి తన ఇంట్లోకి పోయేది.

"ఇంకా ఆ కార్డుముక్క కోసం వాకిట్లో కాపలా ఏందక్కా? ఒక నొక్కు నొక్కితే నంద్యాల. మీ చెల్లెలు దగ్గినా వినపడతాది," అని అంకమ్మ ఎగతాళి చేసేది.

"దగ్గొద్దులే తల్లీ. రాస్తే చాలు."

జీవమ్మ బడికి పోలేదు. శనక్కాయలు కట్టిచ్చిన కాగితాలు చూసి అక్షరాలు కూడబలుక్కుంది. తనకు వచ్చింది చెల్లెలు ప్రమీలమ్మకు నేర్పింది. చెల్లెలు నంద్యాలకు కాపురానికి పోయాక పక్షానికొక కార్డు అటు, ఒకటి ఇటు. "ఈడ అందరం చేమం" అని మొదలు. నోటికి ఎట్లా వస్తే అట్లానే రాశారు. ఏండ్ల తర్వాత పేపర్లో "క్షేమం" అని అసలు మాట కనపడింది. అయినా జీవమ్మ దిద్దుకోలేదు, చెల్లెలికి చెప్పనూ లేదు. ఇన్నేండ్లు ఇద్దరినీ కాచిన మాట. ఇప్పుడు కదిలిస్తే ఏమవుతుందోనని భయం.

రెండువేల ఆరో సంవత్సరం ఎండాకాలంలో నంద్యాల నుంచి కార్డు రాలేదు. అంకమ్మ చేత ప్రమీలమ్మ కొడుకు మహేష్‌కు ఫోను చేయించింది.

"అమ్మ బాగుండాది పెద్దమ్మా. నిద్రపోతాంది."

మళ్ళీ చేస్తే స్నానం చేస్తాందన్నాడు. ఇంకోసారి గుడికి పోయిందన్నాడు.

"మోకాళ్ళు పట్టుకోని మూలిగే మనిషి గుడికెట్ల పోయెరా?"

"ఆటోలో పోయింది పెద్దమ్మా."

బాగుండాది! ఆ మాట జీవమ్మ ముందొకసారి విన్నది. తల్లి పోయినప్పుడు కబురు తెచ్చిన మనిషీ అదే అన్నాడు. "బాగుండాది, ఊరికే చూసి పోదువు రా." ఆమె చేరేసరికి వసారా కడిగేసి ఉంది.

"నాకు ఫోను వద్దురా. దాని చేత్తో ఒక కార్డు రాయించి పంపు," అంది మహేష్‌తో.

కార్డు వచ్చింది. అదే వంకర రాత. జీవమ్మ వాకిట్లోనే చదివింది. "అక్కా, ఈడ అందరం క్షేమం."

ఆ కార్డు పట్టుకొని గడప మీద కూర్చొని ఏడ్చింది.

"క్షేమమనే రాసింది కదక్కా, ఇంకేందీ ఏడుపు?"

"ఇది మా ప్రమీల రాయలే అంకమ్మా."

"తప్పు లేకుండా రాస్తే అదీ తప్పేనా?"

జీవమ్మ లేచింది. మొగుడు ఆదినారాయణకు ఇంత బువ్వ మూతపెట్టి, కట్టుకున్న చీరతోనే బస్సెక్కింది. శిరివెళ్ళ దాటాక ఆమెకు దారి కనపడలేదు, కడిగిన వసారా ఒక్కటే కనపడింది. ఎవరో పక్కన కూర్చొని "యాడికి పోతాండావమ్మా?" అంటే, చెల్లెలి దగ్గరికి అనడానికి నోరు రాలేదు.

నంద్యాలలో ఆటో దిగి వీధి మొదట్లో నిలబడి చూసింది. జనం లేరు. షామియానా లేదు. దగ్గరికి పోతే వసారా తడిగా ఉంది. జీవమ్మ గేటు పట్టుకొని కదల్లేకపోయింది.

మహేష్ భార్య దీపిక చీపురుతో బయటికొచ్చింది.

"ఉంది పెద్దత్తా! లోపలుంది!" అంది ఆ ముఖం చూసి.

ప్రమీలమ్మ మంచం మీద ఉంది. మూతి ఒక పక్కకు పోయింది. కుడిచెయ్యి దుప్పటి మీద ఎవరో పెట్టి మరిచిపోయినట్టు పడి ఉంది. అక్కను చూసి గొంతులో శబ్దం వచ్చింది గానీ మాట రాలేదు.

"నీకు బీపీ, తట్టుకోలేవని ఆయన చెప్పొద్దన్నాడు," దీపిక కండ్లు తుడుచుకుంది. "నువ్వు కార్డు కావాలంటివి. పాతవి ముందర పెట్టుకోని నేనే రాసినా. ఆ ఒక్క మాటా తప్పుందని దిద్దినా."

జీవమ్మ తిట్టలేదు. చెల్లెలి ఎడమచెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వదల్లేదు. తెల్లారి జీవమ్మ పోవాలని లేచినప్పుడు చెల్లెలు చీర చెంగు పట్టుకొని ఆపింది. ఒక్కొక్క వేలూ విప్పుకోవడం జీవమ్మ వల్ల కాలేదు, దీపిక విప్పింది.

"నీ రాతలోనే రాయి దీపికా. ఉన్నదున్నట్టు రాయి. బాగలేకుంటే బాగలేదని రాయి."

"భయపడతావు పెద్దత్తా."

"పడతానే. నా భయం నన్ను పడనీండి. దాయొద్దు."

వారం తిరక్కుండా గుండ్రటి రాతలో కార్డు వచ్చింది. "పెద్దత్తా, నిన్న అత్తకు జ్వరం. రాత్రి ఏమీ తినలే. పొద్దున రెండు ముద్దలు తినింది. నీ పేరు అనబోయింది, రాలే. మళ్ళీ రాస్తా."

"ఏమంటాండారు?" అన్నాడు ఆదినారాయణ.

"జ్వరమంట. రెండు ముద్దలు తినిందంట."

జీవమ్మ ఆ కార్డు మళ్ళీ చదివింది. తర్వాతి కార్డు ఏం తెస్తుందోనన్న భయం పోలేదు. ఆ భయంతోనే పళ్ళెం ముందుకు లాక్కొని తనూ రెండు ముద్దలు మింగింది.