బోరు దగ్గర విప్పిన చెప్పులు

మా తిమ్మప్ప బావ చెప్పులు వేసుకోలేదు కాబట్టే చనిపోయాడట. కంపెనీవాళ్లు కేసులో ఇచ్చిన జవాబు అది. వాళ్లు అమ్మిన స్టార్టర్ డబ్బా లోపల తీగ మీది పొర చిట్లి, రేకుకు తగిలి, డబ్బా మొత్తానికీ కరెంటు పారిన సంగతి మాత్రం వాళ్ల కంటికి ఆనలేదు. ఆడలేక మద్దెల ఓడన్నారట వెనకటికి.

బావ ఆ డబ్బాను గోరంట్లలో కొని బోరు మోటారుకు కొత్తగా బిగించుకున్నాడు. పొద్దున్నే కరెంటు వచ్చిందని, టమాటాకు నీళ్లు పెడదామని వెళ్లి పచ్చ బటన్ నొక్కాడు. మా అక్క సిద్దమ్మ సద్ది తీసుకుని వెళ్లేసరికి బురదలో పడి ఉన్నాడు. అంత దూరంలో బండ మీద చెప్పులు విడిచి ఉన్నాయి.

ఆ చెప్పుల సంగతి చెప్పాలి. బోర్లన్నీ వరసగా ఎండిపోయాక, ఆఖరి బోరు వేసేనాడు అక్క గంగమ్మకు మొక్కుకుంది. నీళ్లు పడితే మా ఇంట్లో ఎవరమూ ఆ చోట చెప్పుకాలు పెట్టమని. నీళ్లు పడ్డాయి. బావకు మతిమరుపు ఎక్కువ. మరిచిపోయి చెప్పులతో వెళ్తే అక్క గట్టు మీద నుంచే కేక వేసేది, "ఏమప్పా, గంగమ్మ నెత్తిన తొక్కుతావా?" అని. ఆయన నవ్వుకుంటూ వెనక్కి వచ్చి విడిచి పోయేవాడు.

అందుకే కంపెనీ జవాబు విన్నరోజు అక్క అన్నం ముట్టలేదు.

"వాళ్లిచ్చే పరిహారం దుడ్లు నాకెందుకురా రాజేంద్రా. ఆయప్పను నేను సంపుకున్యానో, వాళ్లు సంపినారో, పెద్దోళ్ల నోటితో ఇనాల" అంది.

మా లాయరు పద్మప్రియ ముందే జాగ్రత్త చెప్పింది. "చెప్పులు ఎందుకు విప్పినాడని అడిగితే తెలీదని చెప్పమ్మా. ఆ టైములో నువ్వు ఆడ లేవు కదా." అక్క తల ఊపింది. గండం గడిచిందనుకున్నాను.

అనంతపురంలో వినియోగదారుల కమిషన్ ముందు అక్కను ప్రశ్నలు అడిగారు. కంపెనీ వకీలు చాలా మర్యాదస్తుడు. "రబ్బరు చెప్పులు వేసుకునే బటన్ నొక్కాలని మేమిచ్చిన పుస్తకంలో ఉందమ్మా. మరి మీ ఆయన ఎందుకు విప్పాడు?" అన్నాడు. పుస్తకం ఇంగ్లీషులో ఉందని మాత్రం అనలేదు. బురదలో నీళ్లు కట్టే రైతును ఆ మహానుభావుడు ఎప్పుడైనా చూశాడో లేదో!

అక్క పద్మప్రియ వైపు చూసింది. నా వైపు చూసింది.

"నేనే ఇప్పించినా సార్. గంగమ్మకు మొక్కుబడి. ఆయప్ప మరిసిపోతే నేనే అరిసి ఇప్పిస్తాంటి."

పద్మప్రియ రాస్తున్న పెన్ను ఆపేసింది.

"అంటే పొరపాటు మీ ఇంట్లోనే జరిగిందన్నమాట" అన్నాడు వకీలు.

"ఆయప్ప చెప్పులు ఇడిసింది నీళ్లకు సార్. మీ డబ్బా మనిషిని సంపుతాదని మాకు యాడ తెలుసు?"

ఆయన కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

చాలా నెలలకు తీర్పు వచ్చింది. గెలిచాం. కమిషన్ ఆవరణలో వేపచెట్టు కింద నిలబడి పద్మప్రియ చదివి చెప్పింది. రైతు వట్టికాళ్లతో తడినేల మీద నిలబడతాడని డబ్బా చేసేవాళ్లకు తెలిసి ఉండాలి, అలా నిలబడినా ప్రాణం పోకుండా చేయడం వాళ్ల బాధ్యత, తప్పు పూర్తిగా కంపెనీదే, ఆ రకం డబ్బాలన్నీ వాపసు తీసుకోవాలి. నాకు ఏడుపు ఆగలేదు.

"ఇన్యావా అక్కా? నీ తప్పేమీ లేదంట!"

 అక్క పద్మప్రియను అడిగింది.

"తప్పు వాళ్లదేలేమ్మా. కాళ్లకు చెప్పులుండింటే మా ఆయప్ప బతికుండునా?"

"డబ్బా సరిగ్గా ఉండింటే బతికేవాడమ్మా."

"నేను అడిగింది అది కాదు తల్లీ."

ఎంతటివాళ్ల ముందూ తడుముకోని పద్మప్రియ అక్క చెయ్యి పట్టుకుని తల దించుకుంది. అక్క ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడింది. జవాబు మా ముగ్గురికీ తెలుసు.