వదిన తెచ్చిన ప్రతినిధి

ఆ ఉదయం మంచుకి వెర్నన్ పికప్ మొండికేసింది. ఫోన్ రాగానే ఆర్లిస్ కాఫీ సగంలో వదిలేసి, చుట్టుతిరిగి వెళ్ళి మరిదిని తన బండిలో ఎక్కించుకుంది. ఊరి ప్రతినిధి పార్టీ కౌంటీ మహాసభకు వెళ్ళకపోతే ఎలా?

దేశాధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవర్ని నిలబెట్టాలో తేల్చడానికి ఫిబ్రవరిలో ఊరి బడి జిమ్‌లో పార్టీవాళ్ళంతా అభ్యర్థికో మూల చొప్పున గుంపులు కట్టి నిలబడ్డారు. సెనేటర్ ప్రూయిట్ మూలకి ఒక్క ప్రతినిధి దక్కాడు. అందరూ ఆర్లిస్ పేరే అన్నారు. "నాకు మాటలు రావు, మా వెర్నన్‌కి నోరుంది" అని తనే అతన్ని ముందుకు తోసింది. తను బదులు మనిషిగా మిగిలింది. అతను రాకపోతేనే ఆమెకు ఓటు.

అధ్యక్ష పదవికి పోటీపడేవాళ్ళలో తమలాంటి ఊళ్ళలో మూసేసిన పురుళ్ళ వార్డులు తెరిపిస్తానన్నది ప్రూయిట్ ఒక్కతే. నిరుడు ఆర్లిస్ కూతురు పెద్దాసుపత్రికి వెళ్తూ దారిలో, కారులోనే ప్రసవించింది. బిడ్డ దక్కలేదు.

మహాసభలో మళ్ళీ గుంపులు కట్టారు. నూటికి పదిహేనుమంది లేని గుంపు లెక్కలోకి రాదు. ప్రూయిట్ గుంపుకి ఒక్కడు తక్కువయ్యాడు. ఆర్లిస్ వెర్నన్ కోసం డోనట్ల బల్ల దగ్గర వెతికింది. అతను అవతలి గుంపులో, కొత్త బ్యాడ్జీతో నవ్వుతున్నాడు.

"ఏంట్రా ఇది?"

"మెల్లగా వదినా! ప్రూయిట్ ఎలాగూ గెలవదు. వీళ్ళు నన్ను జాతీయ మహాసభకి పంపుతామన్నారు. టీవీలో కనిపిస్తా, తెలుసా?"

"ఊరు నిన్ను పంపింది టీవీలో కనబడ్డానికా? సిగ్గులేదూ?"

"ఇక్కడ మనసు మార్చుకోవచ్చు. రూలే అది. కావాలంటే అడుగు."

ఆమె అడిగింది. ఓట్ల లెక్క రాసే బల్ల వెనకాల ముసలాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "నిజమేనమ్మా. అతను రాకపోయుంటే ఆ ఓటు మీదే. కానీ వచ్చేశాడుగా."

వచ్చేశాడు. తనే తెచ్చింది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఎవరిమీద ఎక్కువ కోపమో, వాడిమీదో తనమీదో, ఆమెకే తెలియలేదు.

ప్రూయిట్ గుంపు చెదిరిపోయింది. సభ ముగిశాక వెర్నన్ చేతులు రుద్దుకుంటూ బండి కిటికీ తట్టాడు.

"తలుపు తియ్యి వదినా, చలికి చస్తున్నా. నీ కోపం ఇంటికెళ్ళాక చూసుకుందాం."

ఆమె తలుపు తీసింది.

"ఎక్కు. దారిలో మా అమ్మాయి ఇంటి దగ్గర ఆపుతాను. ఏమైందని అడుగుతుంది. నీకు నోరుందిగా, నువ్వే చెప్పు."