మలుపు కింద తూము

దోర్నాల రోడ్డు మలుపులో, అతుకు వేసేందుకు నలుచదరంగా కొట్టిన గుంతలోని దుమ్మును పిచ్చయ్య ఈతచీపురుతో ఊడుస్తున్నాడు. పెళ్లింటి వాకిలి కూడా ఎవరూ అంత శ్రద్ధగా ఊడ్చి ఉండరు. పొట్టి మనిషి, మోచేతి మీద తారు కాలిన పాత మచ్చ.

కుర్రతనంలో రోడ్ల శాఖ గ్యాంగులో కూలీగా చేరాడు. మరమ్మతులు కాంట్రాక్టరు చేతికి పోయాక, పదిహేనేళ్లు శాఖ అతిథిగృహంలో మందారాలకు నీళ్లు పోశాడు. తారు పని తెలిసినవాడికి తోటపని, ఏం తెలివో! ఇప్పుడు శాఖ మరమ్మతులను మళ్లీ తనే చేపడుతోంది, పిచ్చయ్యనూ గ్యాంగులోకి తిరిగి పిలిచింది. ముందుగా పరీక్షకు ఈ ఒక్క మలుపు. వానకు నిలిస్తే మార్కాపురం దాకా రోడ్డంతా గ్యాంగుకే, గుంత పడితే మళ్లీ కాంట్రాక్టరుకే. పిచ్చయ్యకేమో ఈ రోజుతో ఉద్యోగం సరి.

నల్లమల మీద మబ్బు దిగుతోంది. ఇంజనీరు ఉమ తొందరపడింది. "పెద్దాయనా, తారు పోయించేదా?"

"ఆగు తల్లీ. ఏటా ఈడనే ఎందుకు గుంత పడతాదో చూడొద్దా? రోడ్డు కింద నీళ్లు పోయే తూము ఉండాల. నా చేత్తో ఏసినా."

"మ్యాపులో లేదే!"

"మ్యాపు మొన్న పుట్టింది తల్లీ."

కొండవైపు కంపలోకి దిగి గడ్డపారతో పొడిచాడు. మూడో పోటుకు ఖంగుమంది. గ్యాంగంతా తవ్వితే, కాంట్రాక్టరు పోయించిన మట్టికుప్ప కింద సిమెంటు తూము నోరు బయటపడింది. రోగం ఒకచోటుంటే ఇన్నేళ్లూ మందు ఇంకోచోట పూశారు! రెండు వైపులా మట్టి తీశాకే పిచ్చయ్య గుంతలో తారు, కంకర పోయనిచ్చాడు. రోలరు రెండుసార్లు తిరిగింది.

మూడింటికి వాన దంచికొట్టింది. ఎర్రటి కొండనీళ్లు రోడ్డెక్కకుండా తూములో దూరి అవతలికి దూకాయి. శ్రీశైలం బస్సు కుదుపు లేకుండా దాటింది. వాన వెలిశాక ఉమ అతుకును మడమతో తొక్కి చూసి, పై అధికారికి ఫోన్ చేసింది.

"రోడ్డంతా మనకే ఇచ్చినారు!"

గ్యాంగు కేకలు మిన్నంటాయి. పిచ్చయ్యకు ఆనందంతో ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"ఉండు పెద్దాయనా, దండ తెప్పిస్తాండా," అంది ఉమ.

"దండెందుకు తల్లీ, చీకటి పడతాది. పనుంది, చూసుకొని పోతా."

వాళ్లు సామాను ట్రాక్టరుకెక్కించేలోగా ఆయన మార్కాపురం బస్సెక్కి వెళ్లిపోయాడు. తూము పక్కన ఓ నల్లటి పలకరాయి పాతి ఉంది. దాని మీద తెల్లరంగుతో వంకరటింకర అక్షరాలు, ఇంకా తడిగానే: "ఇక్కడ తూము ఉంది. మట్టి తీస్తా ఉండండి."