పిండిమిల్లు పక్కిల్లు

తొలెగెన్ గుమ్మంలో నిలబడి కజక్ అన్న ప్రతివాడికీ నోటికి రావాల్సిన ఏడు తరాల తాతల పేర్లూ గడగడా అప్పజెప్పాడు. ఒక్కచోటైనా తడబడతాడేమోనని రబిగా చెవులు రిక్కించి వింది. అబ్బే. పోయిన ఆమె భర్త సపర్‌గాలి కజక్ పుట్టుక పుట్టి కూడా ఆ పేర్లలో ఒకదాని దగ్గర ఎప్పుడూ నసిగేవాడు. ఇతనికి ఆ నసుగుడు కూడా లేదు. ఆమెకి మొదటి అనుమానం అక్కడే పుట్టింది. సొంత రక్తమైతే ఇంత శుభ్రంగా బట్టీ పట్టాల్సిన అవసరమేమొచ్చింది?

అతను సపర్‌గాలి తమ్ముడి కొడుకు. ఆ తమ్ముడు సరిహద్దుకి అవతల, ఉజ్బెక్ దేశపు ఎడారిలో గొర్రెలు కాసుకుంటూ బతికి అక్కడే మట్టిలో కలిశాడు. ఇప్పుడు కొడుకు అక్కడి ఇల్లూ మందా అమ్మేసి, భార్యాపిల్లల్ని అత్తవారింట్లో దింపి, పూర్వీకుల దేశంలో స్థిరపడతానని ఒక సంచితో వచ్చాడు. కజక్ రక్తమున్నవాడికి దేశం తలుపు తీస్తుంది, నిజమే. కానీ దరఖాస్తులో ఇక్కడి చిరునామా ఒకటి రాయాలి, ఆ ఇంటి యజమాని వచ్చి సరేనని ఒప్పుకోవాలి. మంచు పడేలోపు ఆ పని కాకపోతే గడువు తీరి వెనక్కి పోవాలి. అక్కడ తలదాచుకోవడానికి ఇక చూరు కూడా లేదు.

అతిథిని ఎందుకొచ్చావని అడగడం మర్యాద కాదు కాబట్టి రబిగా అడగలేదు. గదిలో పెద్దల చోట కూర్చోబెట్టింది, పాలు పోసిన టీ ఇచ్చింది, తందూరులోంచి అప్పుడే తీసిన రొట్టె విరిచి ముందు పెట్టింది. అతను టీ గిన్నె కింద పెట్టి, ఆమె ఇంటి చిరునామా రాసుకోవచ్చా అని తనే అడిగాడు. నోరు రాసుకో నాయనా అంది. కడుపులో మాత్రం రాయి పడింది.

ఆ రాతికి తోడు గోడవతలి పొరుగామె దమెత్కెన్ ఒకటి. పక్కవీధిలో ఎవరో ముసలాయన ఇలాగే జాలిపడి చుట్టం పేరు తన ఇంటికి రాయించాడట, ఏడు తిరక్కుండా ఆ చుట్టం కోర్టుకెక్కి సగం ఇల్లు పట్టుకుపోయాడట, ముసలాయన ఇప్పుడు పెరట్లో వంటపాకలో పడుకుంటున్నాడట. నువ్వు చూశావా అంటే, చూడాలేమిటి ఊరంతా అంటుంటే, అంది. దమెత్కెన్ మాటల్లో సగం తీసెయ్యాలని రబిగాకి తెలుసు. సగం తీసేసినా పావు ఇల్లు పోయినట్టే కదా.

ఆ ఇల్లు ఆమెకి ఊరికే రాలేదు. సపర్‌గాలీ ఆమే మట్టి తొక్కి, ఇటుకలు పోసి, ఎండబెట్టి కట్టుకున్నారు. రెండు గదులు, ఓ వంటపాక, నేరేడుపండు రంగు తలుపు. ఎప్పటికైనా అది కొడుకు సాకెన్‌ది. చిన్నకొడుక్కే తండ్రి పొయ్యి దక్కుతుందన్నది అక్కడి ఆచారం, ఆమెకి చిన్నా పెద్దా అన్నీ వాడే.

సాకెన్ అంటే ఊళ్ళో చిన్నవాడు కాదు. వలసల ఆఫీసు ఎదురుగా గొడుగు కింద బల్ల, కంప్యూటరు పెట్టుకుని వచ్చేపోయేవాళ్ళకి దరఖాస్తులు నింపుతాడు. చిరునామాలో జిల్లా ముందు రాయాలా వీధి ముందా, ఉంటున్న చోటెక్కడ రాయాలి పుట్టిన చోటెక్కడ, అన్నీ వాడి నాలుక మీదే. తెల్లవారేసరికి జనం బల్ల ముందు బారులు తీరతారు. ఈ ఎండాకాలం తెల్లకారు ఒకటి కొన్నాడు. ఆ కారు వాకిట్లో ఆగితే రబిగా చున్నీ సర్దుకుని వీధి వాళ్ళు చూస్తున్నారో లేదో ఓ కన్నేసేది. కన్నతల్లి, ఆమాత్రం ఉండదూ?

తొలెగెన్ మొదటిసారి దరఖాస్తు తనే నింపుకున్నాడు. చిరునామా గడిలో "పిండిమిల్లు పక్కిల్లు, సపర్‌గాలి గారిది" అని రాశాడు. వాళ్ళ ఎడారిలో అంతమాత్రం చాలు, పెళ్ళి పిలుపైనా చావు కబురైనా తిన్నగా గుమ్మంలోకొస్తుంది. ఆఫీసువాళ్ళు చూసి వెనక్కి ఇచ్చారు. ఆ పూట రబిగా కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నోట్లో వేలు పెడితే కొరకలేనివాడు, వీడా నా ఇల్లు కాజేసేది అనుకుంది. ఆ పూటొక్కటే ఆమెకి కంటినిండా నిద్ర పట్టింది.

రెండోసారి సాకెన్‌ని అడగమని తనే చెప్పింది. గోడ మీద రేకులో ఉన్నది ఉన్నట్టు దింపెయ్ అన్నా అన్నాడు సాకెన్, బూట్లు తొడుక్కుంటూ. రేకు మీద అక్టోబరు వీధి, ఏడు అని ఉంది. అదీ వెనక్కొచ్చింది. ఆ వీధికి పేరు మార్చి ఏళ్ళయిందట, నంబర్లు కూడా జరిగాయట. ఇల్లు కట్టుకున్నవాళ్ళకి తెలియకపోయినా ఆఫీసుకి తెలుసు.

అప్పుడు తొలెగెన్ వంటపాక గుమ్మం దగ్గర నిలబడి, చేతులు కట్టుకుని, మెల్లగా అన్నాడు.

"పెద్దమ్మా, ఇంటి పత్రం ఓసారి చూపిస్తారా? అందులో ఎలా ఉందో అలాగే రాస్తాను."

రబిగా చేతిలో పిండిముద్ద అలాగే ఉండిపోయింది. ఇల్లు అడిగాడు, ఇప్పుడు ఇంటి కాగితం. రేపు? భర్త పోయాక ఆమె పేరున కొత్తగా రాసిచ్చిన ఆ పత్రం గదిలో చెక్కపెట్టెలో, దాని మీద పేర్చిన పరుపుల అడుగున ఉంది. అతన్ని బయటే ఉండమని, పరుపులన్నీ దింపి, పత్రం తీసుకొచ్చింది. అతను రాసుకుంటున్నంతసేపూ కాగితం అంచు వదల్లేదు. ఆమె వేలి కింద ఒక అక్షరం దాక్కుంటే, అతను మర్యాదగా వేలు కాస్త జరపమన్నాడు. కర్లిగాష్ వీధి, పంతొమ్మిది. అతను రాసుకుంది అంతే.

ఆ దరఖాస్తు పట్టుకెళ్ళినవాడు వేరే మనిషై తిరిగొచ్చాడు.

వెళ్ళేముందు రోజుకో కబురు చెప్పేవాడు, గొర్రెల రోగాల గురించీ, కూతురి చదువు గురించీ. ఇప్పుడు మాట లేదు. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని ఆమె ముఖం వంక చూసేవాడు. ఆమె చూస్తే చూపు తిప్పుకునేవాడు. మర్నాడు పొద్దున్న ఆమె పాలు పితికి వచ్చేసరికి పెద్దగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి అడుగులు వేస్తున్నాడు, పెదవులు కదుపుతూ. అలికిడి విని ఆగిపోయాడు. సాయంత్రం వంటపాకలోకి తొంగిచూశాడు, గొర్రెల కొట్టంలోకి కూడా. రాత్రి భోజనాల దగ్గర ఉన్నట్టుండి అడిగాడు.

"ఇంట్లో మీరూ తమ్ముడేనా పెద్దమ్మా? ఇంకెవరికైనా చోటిచ్చారా?"

ఎవరూ లేరని ఆమె గట్టిగా అంది. సాకెన్ చెంచా కింద పెట్టి తలెత్తకుండా టీ కలిపాడు. దేవుడా, ఎంతమంది అడ్డున్నారో లెక్క చూసుకుంటున్నాడు వీడు, అనుకుంది రబిగా. 

తొలెగెన్ పెరట్లోకి వెళ్ళగానే గదులు కొలుస్తున్న సంగతి కొడుకు చెవిన వేసింది. సాకెన్ ముఖం పాలిపోయింది. తన మీద అంత బెంగ పెట్టుకున్నాడు పిల్లాడని ఆమె గుండె కరిగింది.

"అమ్మా, యజమాని వెళ్ళి ఒప్పుకోకపోతే వాడేం చెయ్యలేడు. నువ్వు ఆ ఆఫీసు గడప తొక్కకు. ఏం చెప్పినా తొక్కకు. రెండు వారాలు నడుం నొప్పని పడుకో, వాడే పోతాడు."

ఆమె పడుకుంది. కానీ అనుమానం పట్టిన మనిషి ఎన్నాళ్ళు పడుకుంటుంది? ఆమె వెళ్ళకుండానే వాడు ఏదో దారిన తన పేరు ఎక్కించేసుకుని ఉంటే? పత్రం చూశాడు, నంబరు రాసుకున్నాడు. నాలుగోనాడు సాకెన్ కారు మలుపు తిరగగానే లేచి, మంచి చున్నీ కప్పుకుని, గుర్తింపు కార్డు రవికెలో దోపుకుని బస్సెక్కింది. గొడుగు కింద కొడుకు కంట పడకుండా పక్కసందులోంచి ఆఫీసులోకి దూరింది.

కిటికీ వెనక గుమాస్తా పిల్ల ఒకతె కూర్చుని ఉంది. తొలెగెన్ అనేవాడు మా ఇంటికి తన పేరు రాయించుకున్నాడో లేదో చెప్పు, రాయించుకుంటే కొట్టెయ్, అంది రబిగా. ఆ పిల్ల కార్డు తీసుకుని తెర మీద చూసింది.

"ఆయన పేరు లేదమ్మా. మొన్న ఆయనొచ్చి అడిగితే చోటు లేదని చెప్పి పంపాను. మీ రెండు గదుల ఇంటికి మీరూ మీ అబ్బాయీ కాక ఇప్పటికే తొమ్మిదిమంది పేర్లున్నాయి, అంతకు మించి రాయకూడదు."

"ఏ తొమ్మిదిమంది?"

ఆ పిల్ల పేర్లు చదివింది. ఎవరెవరివో పేర్లు, ఏ దేశాలవో కూడా తెలియనివి. ఒక్కటీ ఆమె వాకిట్లోకి వచ్చిన మనిషిది కాదు. అందరికీ యజమాని ఒప్పుదల ఉందట, కంప్యూటరులో ఆమె సంతకంతోనే వచ్చిందట. నాకు కంప్యూటరెక్కడిదే తల్లీ అని రబిగా కిటికీ చువ్వ పట్టుకుంది. పోనీ జవాబులు పంపడానికి ఇచ్చిన ఈ ఫోన్ నంబరు ఎవరిదంటూ ఆ పిల్ల నంబరు చదవడం మొదలుపెట్టింది. సగంలోనే రబిగాకి మిగతా అంకెలు తెలిసిపోయాయి. ఆమెకి నోటికొచ్చిన నంబరు లోకంలో అదొక్కటే.

గ్యాసు బిల్లు ఇంట్లోంచే కట్టొచ్చమ్మా అని కిందటేడు సాకెన్ ఆమె పేరున ఆ కంప్యూటరు సంతకమేదో చేయించి తన దగ్గరే పెట్టుకున్నాడు. ఊళ్ళో చిరునామా లేనివాళ్ళకి తల్లి చిరునామా అమ్ముకున్నాడు. రేకు మీది పాతపేరు దింపమని అన్నకి చెప్పినవాడు వీధుల పేర్లన్నీ నాలుక మీద ఉన్నవాడే. కంచే చేను మేసింది. ఆమె ఇంటికొచ్చిన చుట్టం వెనక కర్ర పట్టుకుని తిరిగింది.

బయట వరండాలో బల్ల మీద తొలెగెన్ కూర్చుని ఉన్నాడు, మడిచిన దరఖాస్తు ఒళ్ళో పెట్టుకుని. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. ఆమె ముఖం చూస్తే అతనికి సంగతి అర్థమైపోయినట్టుంది.

"తొమ్మిదిమంది అని నీకు తెలుసా?"

"తెలుసు పెద్దమ్మా."

"మరి నాతో అనలేదేం?"

అతను నేలచూపులు చూశాడు.

"మీరే రాయించారనుకున్నాను. ఇంటి కాగితం అంచు వదలకుండా పట్టుకున్నారు కదా, తొమ్మిదిమంది అనగానే నాకు అదే గుర్తొచ్చింది. గదులు కొలిచి చూశాను, తొమ్మిదిమంది ఎక్కడ పడతారా అని. మీ ఉప్పు తింటూ మీరు దొంగ అని ఎలా అనను?"

రబిగా బల్ల మీద చతికిలబడింది.  ఇన్నాళ్ళూ అతను ఆమె రొట్టె తింటూ ఆమెని దొంగనుకున్నాడు, ఆమె రొట్టె పెడుతూ అతన్ని దొంగనుకుంది. అసలువాడు ఇద్దరి మధ్యా కూర్చుని టీ కలుపుకున్నాడు.

కిటికీ పిల్ల బయటికొచ్చి మెల్లగా చెప్పింది. ఆ తొమ్మిది పేర్లు తియ్యాలంటే సంతకం తనది కాదని ఆమె ఫిర్యాదు రాయాలి, ఎవరు పెట్టారో చెప్పాలి, అది పోలీసులకి వెళుతుంది. రాయకపోతే ఆ పేర్లు అలాగే ఉంటాయి, కొత్త పేరుకి చోటుండదు. ఆ పిల్ల లోపలికి వెళ్ళగానే తొలెగెన్ వద్దన్నాడు. తమ్ముడు జైలుకి పోతాడు, నేను ఇంకో ఊళ్ళో ఎవరినో అడుక్కుంటాను, ఇంటికి పదండి పెద్దమ్మా, అన్నాడు. అడుక్కోవడానికి ఈ దేశంలో అతనికి ఇంకెవరూ లేరని ఆమెకి తెలుసు. చలి అప్పుడే మొదలైంది కూడా.

తలుపు సందులోంచి వీధి అవతల గొడుగు కనిపిస్తోంది. దాని కింద సాకెన్ ఎవరో ముసలావిడకి ఏ గడిలో ఏం రాయాలో వేలితో చూపిస్తున్నాడు, ఓపిగ్గా, నవ్వుతూ. చిన్నప్పుడు తందూరు దగ్గర రొట్టెలు అందించేటప్పుడూ వాడు అలాగే నవ్వేవాడు. ఒక్క క్షణం లేచి వెళ్ళి ఆ ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఇంటికి లాక్కుపోదామనిపించింది. ఏమీ ఎరగనట్టు బతకొచ్చు. ఆ తొమ్మిదిమందీ కాగితం మీదే ఉంటారు, వచ్చి తన రొట్టె అడగరు.

లేచింది. కిటికీ దగ్గరికే వెళ్ళింది. రాయమ్మాయ్ అంది.

"ఎవరి మీద?"

"సపర్‌గాలి కొడుకు సాకెన్."

పక్కన తొలెగెన్ వద్దన్నట్టు తలూపాడు.

"అతని చిరునామా?"

 రబిగా జిల్లా పేరు ముందు చెప్పింది, తర్వాత ఊరు, కర్లిగాష్ వీధి, పంతొమ్మిది. ఆ పిల్ల రాస్తూ రాస్తూ తలెత్తింది.

"ఇది మీ ఇంటి చిరునామా కదమ్మా. ఇతను నిజంగా అక్కడ ఉంటాడా?"

"ఉంటాడు," అంది రబిగా. "ఆ ఇంట్లో నిజంగా ఉండేది మేమిద్దరమే."